పుష్కరాల ప్రణాళిక గురించి నా మిత్రుడికి

పాలకొల్లు

ప్రియమైన బావా,

నీ ఉత్తరం అందింది. 2027 గోదావరి పుష్కరాల కోసం తయారవుతున్న అత్యవసర ప్రణాళికలో ఆసుపత్రుల తరఫున నిన్ను వేశారనీ, ఉగ్రవాద దాడి జరిగితే ఏం చేయాలన్న అధ్యాయాన్ని అందరూ ఒకరి మీదికి ఒకరు తోసి చివరికి నీ నెత్తిన పెట్టారనీ చదివి కాసేపు నవ్వుకున్నాను. పోలీసులు రాసుకోవలసిన కాగితం డాక్టరు చేత రాయించడం ఏమిటని అడిగావు. నా ఉద్దేశంలో అది పోలీసులు ఒక్కరే రాయవలసిన కాగితం కానే కాదు. దాడిని ముందే పసిగట్టి ఆపడం వాళ్ల పని, నిజమే. కానీ జరిగిపోయిన తరువాత గాయపడినవారిలో ఎంతమంది బతుకుతారన్నది పోలీసు, ఫైరు, 108, ఆసుపత్రి అనే నాలుగు వర్గాలవారు మొదటి పావుగంటలో ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా లేదా అన్నదాని మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది. ఫైర్ సర్వీసులో బతుకంతా గడిపినవాణ్ణి కాబట్టి నాకు తోచినది వివరంగా రాస్తున్నాను. ఓపీ అయిపోయాక తీరిగ్గా చదువుకో.

అన్నిటికన్నా ముందు ఇంగ్లండులోని మాంచెస్టర్ సంగతి చెప్పాలి. 2017 మే 22 రాత్రి 10 గంటల 31 నిమిషాలకు ఆ ఊరి అరీనాలో సంగీత కచేరీ ముగిసి జనం బయటికి వస్తున్న సమయంలో ఒకడు వీపు సంచిలో తెచ్చిన బాంబు పేల్చాడు. 22 మంది చనిపోయారు. వారిలో పిల్లలూ ఉన్నారు. ఊరి నడిబొడ్డున ఉన్న ఫైర్ స్టేషన్ అక్కడికి అరమైలు దూరం. అయినా మొదటి ఫైరింజన్ అక్కడికి చేరేసరికి రెండు గంటలు దాటింది. తుపాకులు పట్టుకున్నవాళ్లు ఇంకా ఎవరైనా తిరుగుతున్నారేమోనన్న అనుమానంతో, దగ్గరలో ఉన్న బండ్లను ముందుకు పంపడానికి బదులు మూడు మైళ్ల అవతల ఉన్న మరో స్టేషనుకు తరలించారు. పోలీసు డ్యూటీ అధికారి సాయుధ దాడికి ఉద్దేశించిన ‘ఆపరేషన్ ప్లేటో’ను ప్రకటించాడు గానీ, ప్రకటించినట్లు తక్కిన రెండు శాఖలకూ, అంటే ఫైరుకూ అంబులెన్సుకూ, తెలియజేయలేదు. ఆయన ఒక్కడి మీదే అన్ని పనులూ పడ్డాయి, ఆయన ఫోను ఎవరికీ దొరకలేదు. పేలుడు జరిగిన హాలులోకి వెళ్లిన పారామెడిక్‌లు ముగ్గురే ముగ్గురు. స్ట్రెచర్లు లేక గాయపడినవారిని ప్రకటన బోర్డుల మీద, బారికేడ్ల మీద పడుకోబెట్టి మోసుకువచ్చారు. స్ట్రెచర్లు, మోయగల మనుషులు, ఆ పనిలో శిక్షణ అన్నీ ఉన్న ఫైర్ సిబ్బంది ఆ సమయానికి మరో చోట బండ్లతో సహా ఎదురుచూస్తున్నారు. సర్ జాన్ సాండర్స్ జరిపిన విచారణ 2022 నవంబరులో ఇచ్చిన నివేదికలో, చనిపోయినవారిలో ఒకరు తగిన చికిత్స సకాలంలో అంది ఉంటే బహుశా బతికేవారని తేల్చారు. ఆ రాత్రి అక్కడ పిరికివాళ్లు లేరు, బండ్లు తక్కువ కాలేదు. పదండి అని చెప్పవలసినవాడికి, వెళ్లవలసినవాడికి మధ్య మాట తెగిపోయింది, అంతే.

ఇందులో నన్ను బాగా కలవరపెట్టేది మరొకటి ఉంది. ఇటువంటి పొరపాటు జరగకూడదనే బ్రిటన్‌లో అప్పటికి అయిదేళ్ల ముందే, అంటే 2012లో, మూడు శాఖలూ కలిసి పనిచేయడానికి జెసిప్ అనే పద్ధతిని ఏర్పాటు చేసుకున్నారు. 2005 జూలై 7న లండన్‌లో మూడు మెట్రో రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయినప్పుడు, సొరంగంలోకి దిగిన సహాయక సిబ్బందిలో చాలామంది రేడియోలు పనిచేయక పైవారితో మాట్లాడలేకపోయిన అనుభవం నుంచి పుట్టినది అది. అధికారులు ఒకే చోటికి చేరాలి, సంకేతాలు లేకుండా తేట మాటల్లో చెప్పుకోవాలి, ప్రమాదం ఎంత ఉందో కలిసి అంచనా వేయాలి అన్నవి దాని సూత్రాలు. పుస్తకంలో అన్నీ ఉన్నాయి, తరగతి గదిలో పాఠమూ చెప్పారు, ఆ రాత్రి మాత్రం అక్కరకు రాలేదు. కాబట్టి నువ్వు రాసే అధ్యాయం ఎంత అందంగా ఉందన్నది నాకు ముఖ్యం కాదు.

మరి ఏం రాయాలి? మొదటి వాక్యంగా ఇది రాయి: కబురు అందిన పావుగంటలో పోలీసు, ఫైరు, వైద్యం ఈ మూడు శాఖల అధికారులు ఒకే చోట పక్కపక్కన నిలబడాలి, ఆ చోటు ఏదో ప్రతి ఘాట్‌కూ పేరుతో సహా ముందే నిర్ణయించి ఉండాలి. పుష్కర ఘాట్‌కు ఒకటి, కోటిలింగాల ఘాట్‌కు ఒకటి, ఆవలి ఒడ్డున కొవ్వూరు గోష్పాద క్షేత్రానికి ఒకటి. ప్రతిదానికీ మారు చోటు కూడా ఉండాలి, ఎందుకంటే రెండో బాంబు అనే పీడ ఎప్పుడూ ఉంటుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో కొద్ది నిమిషాల తేడాతో దగ్గరదగ్గరగా రెండు పేలాయి. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్ దగ్గర 42 మందిని బలిగొన్న రోజున దిల్‌సుఖ్‌నగర్‌లోనే పేలని బాంబు మరొకటి దొరికింది. అందుచేత అధికారులు నిలబడే చోటును బాంబు స్క్వాడ్ ముందుగా తనిఖీ చేయాలి. అక్కడ నిలబడిన ముగ్గురూ తేల్చవలసిన అసలు ప్రశ్న ఒకటే. ప్రమాదం పూర్తిగా తొలగలేదు గానీ కొంత తగ్గింది అనిపించే వార్మ్ జోన్‌లోకి, పోలీసుల రక్షణలో, నీ మనుషులు వెళ్లవచ్చా? ప్రాంతమంతా సురక్షితమని తేలేదాకా ఆగితే రక్తం ఆగదు. ఈ నిర్ణయం ఎవరిదో, ఏ హోదా వరకు ఆ అధికారం ఉందో ముందే రాసుకోకపోతే ఆ సమయంలో ప్రతివాడూ తన పైవాడికి ఫోను చేస్తాడు.

ఫోను అన్నాను గానీ, పుష్కరాల రోజున ఘాట్ దగ్గర సెల్‌ఫోను పనిచేస్తుందని నమ్మకు. లక్షలమంది ఒకేసారి ఇంటికి ఫోను చేసినప్పుడు సిగ్నలు ఏమవుతుందో మన తీర్థాలలో చూస్తూనే ఉన్నాం. వైర్‌లెస్ సెట్ల సంగతి చెప్పనే అక్కరలేదు. ఒక శాఖ సెట్టులో మాట మరో శాఖ సెట్టుకు వినబడదు. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో పోలీసు హెలికాప్టర్ల నుంచి వచ్చిన హెచ్చరికలు భవనంలో ఉన్న ఫైర్ సిబ్బందికి అందలేదు. ఆ రోజు 343 మంది మావాళ్లు చనిపోయారు. కొత్త యంత్రాలు కొనిపిస్తామని ఎవరైనా అంటే సంతోషమే, కానీ అంతకన్నా చౌకైన ఉపాయం ఉంది. ఆసుపత్రి క్యాజువాలిటీలో సెట్టుతో సహా ఒక కానిస్టేబులును, పోలీసు కంట్రోల్ రూములో ఒక 108 మనిషిని, ఒక ఫైర్ మనిషిని పన్నెండు రోజులూ కూర్చోబెట్టమని అడుగు. అన్నీ మూగబోతే చీటీ పట్టుకుని సైకిల్ మీద పోయే హోంగార్డు కూడా ప్రణాళికలో ఉండాలి. నవ్వకు, నేను నిజంగానే అంటున్నాను.

మొదటి కబురు ఎలా చెప్పాలో కూడా నేర్పాలి. బ్రిటన్‌వాళ్లు మీథేన్ అనే అక్షరక్రమం పెట్టుకున్నారు. ఇది పెద్ద ప్రమాదమేనని ప్రకటించడం, సరిగ్గా ఎక్కడ, ఏ రకం, ఇంకా ఏ ముప్పు ఉంది, ఏ దారిన రావాలి, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎవరు వచ్చారు ఇంకా ఎవరు కావాలి అనే వరుసలో చెబుతారు. మనవాళ్లు “సార్, ఇక్కడ చాలా ఘోరంగా ఉంది సార్” అని మొదలుపెట్టి సరిగ్గా ఎక్కడో చెప్పకుండానే పెట్టేస్తారు.

మరొక విషయం. తొక్కిసలాటకూ బాంబుకూ మొదటి అయిదు నిమిషాల్లో తేడా తెలియదు. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున, రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. అక్కడ ఏ బాంబూ లేదు. కిక్కిరిసిన మెట్ల మీద ట్రాన్స్‌ఫార్మర్ చిటపటలాడినా, టీ కొట్టు సిలిండరు పేలినా, పుకారుకు పరుగెత్తే జనమే అసలు ప్రమాదం కాగలరు. అందుకని ఉగ్రవాదానికి ఒక పుస్తకం, తొక్కిసలాటకు మరో పుస్తకం అని విడదీయనివ్వకు. పనిచేసే మనుషులు వాళ్లే, దారులు అవే, మంచాలు అవే. ముప్పు సంగతి పోలీసులు చెప్పినప్పుడు ప్రణాళికలో ఆ ఒక్క భాగం మారితే చాలు.

దారుల మాట వచ్చింది కాబట్టి మన డెల్టా సంగతి. కోనసీమ గౌతమికీ వసిష్ఠకూ మధ్య ఉన్న దీవి. రావులపాలెం వైపు వంతెనలు, ఎదుర్లంక వంతెన, చించినాడ వంతెన, ఆనకట్ట మీది దారి ఇలా వేళ్ల మీద లెక్కపెట్టదగినవే దాటే మార్గాలు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాలి. అంతర్వేది వైపు ఏదైనా జరిగితే, ఒకవైపు జనం బయటికి పరుగెత్తుతుంటే మరోవైపు అంబులెన్సులు లోపలికి వెళ్లవలసినది ఈ ఇరుకు దారుల్లోనే. వంతెన మీద ఒక వరుసను అంబులెన్సులకే వదిలే ఉత్తర్వు ఎవరిస్తారో రాయించు. యానాం మరీ విచిత్రం. చుట్టూ మన నేల, మన నీళ్లు, పాలన మాత్రం పుదుచ్చేరిది. పోలీసు వేరు, ఆసుపత్రి వేరు, పైఅధికారులు ఉండేది ఎక్కడో. ఎదుర్లంక వంతెనకు ఆ కొసన ఏదైనా జరిగితే అమలాపురం బండి వెళ్లడానికి ఎవరి అనుమతీ అడగనక్కరలేదని ఇప్పుడే రెండు ప్రభుత్వాల మధ్య రాతపూర్వకంగా ఉండాలి. గ్యాస్ పైపులైన్లను కూడా మరవకు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో పైపులైను పేలి 20 మందికి పైగా చనిపోయినప్పుడు, మన ఊళ్ల కింద ఏం పారుతోందో అందరికీ తెలిసివచ్చింది. పేలుడు ఏ కారణంగా జరిగినా వాల్వు మూయగలిగినవాడి నంబరు కంట్రోల్ రూము గోడ మీద ఉండాలి.

ఇక నీ ఆసుపత్రి. ఇక్కడ నీకు నేను చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే, అయినా రెండు సంగతులు రాస్తాను. 2008 జూలై 26న అహమ్మదాబాద్‌లో మొదట ఊళ్లో బాంబులు పేలి, క్షతగాత్రులు చేరుతున్న వేళకు ఆసుపత్రుల ఆవరణల్లోనే మళ్లీ పేలాయి. అదే ఏడు నవంబరులో ముంబైలో దాడిచేసినవాళ్లు కామా ఆసుపత్రిలోకే చొరబడ్డారు. కాబట్టి గేటు కాపలా, వాహనాల తనిఖీ, సిబ్బందికి వేరే ద్వారం అన్నవి నీ అధ్యాయంలోకే వస్తాయి. రెండోది పంపకం. మన దగ్గర దెబ్బలు తగిలినవాళ్లు 108 కోసం ఆగరు. ఆటోల్లో, బైకుల మీద దగ్గరి ఆసుపత్రికే చేరతారు. నడవగలిగినవాళ్లు ముందు వచ్చి మంచాలన్నీ నింపేస్తారు, అసలు ప్రాణాపాయంలో ఉన్నవాడు ఆ తరువాత వస్తాడు. 2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలినప్పుడు పందెం ముగిసే గీత పక్కనే ఉన్న వైద్య శిబిరం అప్పటికప్పుడు క్యాజువాలిటీగా మారింది, క్షతగాత్రులను ఊళ్లోని పెద్ద ఆసుపత్రులన్నిటికీ సర్ది పంపారు. ముగ్గురు అక్కడికక్కడే చనిపోయారు గానీ ఆసుపత్రికి చేరినవారిలో ఒక్కరూ పోలేదు. పుష్కరాలకు మనవాళ్లు వేసే వైద్య శిబిరాలు తలనొప్పి మాత్రలకే పరిమితం కాకుండా, రక్తస్రావం ఆపే బిగింపు పట్టీలు (టూర్నికెట్లు), గాయం తీవ్రతను తెలిపే రంగుల ట్యాగులు పెట్టుకుని ఉండేలా చూడు. ప్రాణాపాయంలో ఉన్న ఎరుపు ట్యాగువాళ్లు రాజమండ్రికా, కాకినాడకా అన్నది ఘాట్ దగ్గర నిలబడిన ఒక్క డాక్టరే నిర్ణయించాలి. రోగుల బట్టలు కత్తిరించాక పారేయనివ్వకు, పేరు రాసి కాగితపు సంచుల్లో ఉంచితే తరువాత దర్యాప్తుకు పనికివస్తాయి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం జిల్లా విపత్తు సంస్థకు అధ్యక్షుడు కలెక్టరు. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలలో ఎవరు ఎవరికి జవాబుదారీయో చక్కని పటం ఉంది. అయితే తుపాకి మోగుతున్నంతసేపు పగ్గాలు ఎస్పీ చేతిలో ఉండక తప్పదు. ఆయన నుంచి కలెక్టరు చేతికి ఏ ఘట్టంలో, ఏ మాటతో మారతాయో రాయకపోతే ఇద్దరూ ఉన్నట్లే ఉండి ఎవరూ ఉండరు. రాష్ట్ర పోలీసుల ఉగ్రవాద వ్యతిరేక దళం ఆక్టోపస్, హైదరాబాదులోని ఎన్‌ఎస్‌జీ కమాండోల కేంద్రం, విజయవాడ దగ్గరి జాతీయ విపత్తు సహాయక దళం (ఎన్‌డీఆర్‌ఎఫ్) బెటాలియను, అందరూ వస్తారు, రావడానికి గంటలు పడుతుంది. 2008లో ముంబైకి కమాండోలు మానేసర్ నుంచి చేరడానికి పట్టిన సమయం చూశాకే ఆ ప్రాంతీయ కేంద్రాలు పెట్టారు. మొదటి గంట మాత్రం ఘాట్ దగ్గరి కానిస్టేబులుది, నా బోటి ఫైర్‌మన్‌ది, నీ జూనియర్ డాక్టరుది.

ముంబైలో టీవీలు చూపిన ప్రత్యక్ష ప్రసారాలను సరిహద్దుకు ఆవల కూర్చున్నవాళ్లు చూసి లోపలివారికి ఆదేశాలిచ్చారు. 2015లో నిబంధనలు మార్చి అటువంటి ప్రసారాలను నిషేధించారు. ఇప్పుడు ప్రతి జేబులో ఒక కెమెరా ఉంది కాబట్టి గంటకొకసారి మాట్లాడే అధికారి ఒకరు ఉండితీరాలి. ఆయన మౌనంగా ఉంటే వాట్సాప్ మాట్లాడుతుంది. పరామర్శకు వచ్చే పెద్దల కాన్వాయ్‌లు క్యాజువాలిటీ గేటుకు అడ్డం పడకుండా ఏ దారిన రావాలో కూడా రాయి. ఎవరికో కోపం వస్తుంది, రానీ.

చివరగా మాక్ డ్రిల్లు. షామియానా వేసి, బ్యానరు కట్టి, పదిన్నరకు పొగ గొట్టం వెలిగించి, పదకొండున్నరకు టిఫిన్ పెట్టే డ్రిల్లు నాకు వద్దు. ప్యారిస్‌లో 2015 నవంబర్ 13న 130 మందిని చంపిన దాడులు రాత్రి జరిగాయి. అదే రోజు ఉదయం అక్కడి అత్యవసర వైద్య బృందాలు, ఫైర్ సిబ్బంది పలుచోట్ల కాల్పులు జరిగితే ఏం చేయాలో అభ్యాసం చేసి ఉన్నారు. మీరు తెల్లవారుజామున, చెప్పకుండా, సెల్‌ఫోన్లు పక్కన పెట్టించి, ఒక వంతెన మూసేశామనుకుని చేయండి. పడవ సరంగులను, గజ ఈతగాళ్లను కూడా పిలవండి. జనం భయంతో నీళ్లలోకి దూకితే మొదట చేరేది వాళ్లే, ఇంతవరకు నేను చూసిన ఏ ప్రణాళికలోనూ వాళ్ల ఊసు లేదు. నరసాపురం, సఖినేటిపల్లి రేవుల్లో నాకు తెలిసిన సరంగులతో నేను మాట్లాడి పెడతాను. మీ సమావేశం తేదీ, ముసాయిదా కాగితాలు పంపు. ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపిస్తాను.

చెల్లెమ్మకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
నీ స్నేహితుడు