నాలుగు బొంతలు పంపిస్తున్నాను

చిట్టీ,

ఇక్కడ అందరం బాగున్నాం. మామిడి ఈసారి బాగా పూసింది, నాన్నగారి మోకాలి సంగతి మామూలే. నువ్వు ఫోన్ చేసి పద్దెనిమిది రోజులైంది, నేనేమీ లెక్కపెట్టడం లేదులే. పెద్దత్త మాత్రం నువ్వు ఉద్యోగం మానేశావనీ, రెండు లక్షలు అప్పు చేసి స్టూడియో పెడుతున్నావనీ పెళ్ళి భోజనాల దగ్గర అందరి ముందూ అనేసింది. నేను నమ్మలేదు. అడగడం కూడా లేదు.

నీ పాత లాప్‌టాప్‌లో కిట్టూ చేత గొంతు రికార్డు చేసి దిద్దుకునే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ వేయించుకున్నాను, పైసా ఖర్చు లేదు. ఇంకా పెద్ద పనికి లినక్స్‌లో ఆర్డర్ (Ardour) అని అలాంటిదే ఇంకొకటుందట, హోటల్లో ఇచ్చేది కాదు. ముందు నోరు మెదపకుండా మూడు సెకన్లు గది చప్పుడు రికార్డు చేసి, ఆ ముక్కని ఆడాసిటీకి చూపించి, చప్పుడు తగ్గించే నాయిస్ రిడక్షన్ కొడితే ఫ్యాను హోరు తగ్గుతోంది. ఎక్కువ కొడితే గొంతు బిందెలోంచి వచ్చినట్టుంటుంది, నాది అలాగే అయింది.

1986లో తాతయ్య నాటక పద్యాలు క్యాసెట్‌లో ఎక్కించాం, గుర్తుందా చెప్పాను? మధ్యగదిలో గొంతు గోడలకి కొట్టుకుని మోగుతోందని వడ్ల గదిలో బస్తాల మధ్య కుర్చీ వేశాం. అక్కడ చెవిలో చెప్పినంత స్పష్టంగా ఉంది. ఆయన కండువా సర్దుకుని, గొంతు సవరించుకుని ఇరవై నిమిషాలు ఏకబిగిన పాడారు. తీరా చూస్తే నేను ప్లే ఒక్కటే నొక్కాను, రికార్డు మీట కలిపి నొక్కలేదు! భాస్కరం మావయ్య నెత్తిన ఒక మొట్టికాయ వేశాడు. తాతయ్య మంచినీళ్ళు తాగి మళ్ళీ మొదలెట్టారు, కానీ ఆఖరి పద్యంలో ఊపిరందక రాగం తెగిపోయింది. ఇప్పటికీ క్యాసెట్‌లో అక్కడే తెగుతుంది, వెనకాల కోడి కూస్తుంది. అందుకే ముందు పది సెకన్లు రికార్డు చేసి విని చూసుకో.

యూఎస్‌బీ మైకు మూడు వేల లోపుది చాలు. జానెడు దూరంలో, కాస్త పక్కకి పెట్టుకో, 'ప', 'భ' అన్నప్పుడు గాలి నేరుగా తగలదు. గొంతు జోరు చూపించే మీటరు ‌-12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, పైన ఎర్రగా తాకిందా, ఆ పగిలిన గొంతుని తర్వాత అతికించలేం. అసలు ఫైలు వేవ్ (WAV) రకంలో దాచుకో, ఎంపీ3 పంపడానికే. గోడలకి కోడిగుడ్ల అట్టలు అంటించకు, పక్కింటి టీవీని అవి ఆపవు, బొద్దింకలు చేరతాయి.

ఇందులో రెండు లక్షలు ఎక్కడ ఖర్చవుతాయే? సరే, అడిగేశాను. మానేస్తే మానేశావు, మాకు పెద్దత్త నోటివెంట తెలియడమేంటి?

ఆదివారం మావయ్యతో నాలుగు బొంతలు పంపిస్తున్నాను, ఉతికి రెండెండలు ఎండబెట్టాను. మూడు మైకు చుట్టూ కట్టుకో, గొంతు గోడలకి కొట్టుకుని మోగకుండా. నీలంది కట్టకు, అది కప్పుకోవడానికి.

అమ్మ