సుజాతకి, వానలు మొదలయ్యేలోపు

ప్రియమైన సుజాతా,

అన్నయ్యగారికి చెన్నై ట్రాన్స్‌ఫర్ ఖాయమైందని చదివి ఎంత సంతోషమేసిందో! వేళచ్చేరిలో ఇల్లు మాట్లాడుకునే ముందు నాకు ఒక్క ఫోన్ చెయ్యి. ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో కనుక్కుని చెప్తాను. ఇప్పుడు మాత్రం నువ్వు పంపిన చైనా వైద్యం చార్టు గురించే రాస్తున్నా.

చార్టు బాగుందే. వసంతానికి కాలేయం, ఎండాకాలానికి గుండె, ఆ ఎండలు దిగే వేళ ఉక్కపోతకి ప్లీహం, శరదృతువుకి ఊపిరితిత్తులు, చలికాలానికి మూత్రపిండాలు. వరసగా వాటి రుచులు పులుపు, చేదు, తీపి, కారం, ఉప్పు. కాలాన్ని బట్టి తిండీ అలవాట్లూ మార్చుకోమనే మన ఆయుర్వేద ఋతుచర్య తెలిసినవాళ్లకి ఇదంతా దగ్గరి చుట్టంలా అనిపిస్తుంది. కానీ దాన్ని పట్టుకుని అక్టోబర్ నుంచి పొడిగాలికి విరుగుడుగా పియర్ పళ్లూ తేనే మొదలుపెడతానన్నావు చూడు, అక్కడ కాస్త ఆగు. ఆ శరదృతువు ఉత్తర చైనాది. ఆకులు రాలి, గాలి పొడిబారి, పెదాలు పగిలే కాలం. ఇక్కడ అక్టోబర్ రెండో సగంలో ఈశాన్య రుతుపవనాలు దిగుతాయి. చెన్నైకి ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా అక్టోబర్, డిసెంబర్ మధ్యే కురుస్తుంది. బట్టలు ఆరవు, ఉప్పు డబ్బా చెమ్మగిల్లుతుంది, అప్పడాలు మెత్తబడిపోతాయి. అలాంటప్పుడు ఒంటికి ఇంకా తడి చేర్చే తిండి ఎందుకు?

అసలు చైనా వైద్యం కూడా అలా చెయ్యమనదు. హ్వాంగ్‌ది నెయ్‌జింగ్ అని వాళ్ల మూలగ్రంథం, సుమారు 2000 ఏళ్ల నాటిది. ఒకే జబ్బుని ఒక్కో దిక్కున ఒక్కోలా ఎందుకు నయం చేస్తారో అందులో ఒక అధ్యాయం చెప్తుంది. చలి ఎక్కువైన ఉత్తరాన మూలిక కాల్చి సెగ పెట్టడం, పడమట మందులు, దక్షిణాన సూదులు. ఇక ఆ దక్షిణం ఎలాంటిదంటే, నేల పల్లం, పొగమంచూ తేమా చేరే చోటు, జనం పులుపూ పులిసిన తిండీ ఇష్టపడతారట. అది చదివితే నాకు ఇడ్లీ పిండీ చింతపండు పులుసూ కళ్లముందుకొస్తాయి. వాళ్లు రాసింది చైనా దక్షిణం గురించే, అయినా ఊరి గాలిని బట్టి వైద్యం మారాలన్న మాట మనకీ పనికొస్తుంది.

అందుకని ఈ మూడు నెలలూ ఊపిరితిత్తుల గడి వదిలేసి ప్లీహం గడి చూడు. వాళ్ల లెక్కలో అరుగుదల శక్తంతా దానిదే, తేమ అంటే దానికి గిట్టదు. ఒళ్లు బరువు, పొట్ట ఉబ్బరం, నాలుక మీద తెల్లటి పూత, ఆకలి లేకపోవడం, ఇవీ వాళ్లు చెప్పే గుర్తులు. చల్లనివి, పచ్చివి, తీపి, పాలు తగ్గించి, వండినవి వేడివేడిగా తినమంటారు. ఫ్రిజ్ నీళ్లూ రాత్రి పెరుగూ మానేస్తే నాకు ఒళ్లు తేలిగ్గా ఉంటుంది. మధ్యాహ్నం మిరియాల చారో ఉలవచారో, సాయంత్రం శొంఠి కాఫీ. తేమకి చైనాలో ఉడికించి తాగే గింజ కోసం ఆన్‌లైన్‌లో వెతక్కు, పల్చటి బార్లీ జావ చాలు. పియర్ మీద మరీ మనసుంటే, ఏసీ ఆఫీసులో గొంతు ఎండిపోయిన రోజున పటికబెల్లంతో ఉడికించుకో.

నీకు తప్పకుండా చూపించాల్సింది దీపావళి లేహ్యం. తమిళుల ఇళ్లలో పండగ పొద్దున తలంట్లయ్యాక ముందు అదే తింటారు. సరుకులకి మైలాపూరులో మూలికలు అమ్మే డబ్బా చెట్టి కొట్టుకి తీసుకెళ్తాను. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, వాము, ధనియాలు నానబెట్టి మెత్తగా రుబ్బాలి. బెల్లం పాకంలో ఆ ముద్ద వేసి, నువ్వుల నూనే నెయ్యీ కొంచెం కొంచెంగా పోస్తూ సన్నసెగ మీద కలపాలి. మొదట పచ్చి ఘాటుకి కళ్లు మండుతాయి. కలపగా కలపగా రంగు నల్లబడి, నూనె అంచులకి తేలి, ముద్ద మూకుడు వదిలేస్తుంది. అప్పుడు దింపెయ్యాలి. ఉసిరికాయంత చాలు. వానలు దిగి, పిండివంటలు తిని, పొట్ట మొరాయించే సరిగ్గా ఆ రోజుకి ఇది పెట్టారంటే ఆ పెద్దవాళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు. అత్తయ్యగారికి షుగర్ కదా, ఆవిడకి మాత్రం బెల్లం లేకుండా మిరియాల కషాయం ఇద్దాం.

యోగా సంగతి. ఒక్కో ఆసనంలో మూడు నుంచి ఐదు నిమిషాలు ఒళ్లు వదిలేసి ఉండే యిన్ యోగాని, ఒంట్లో శక్తి ప్రవహించే దారులని చైనా వైద్యం చెప్పే నాడీమార్గాలతో కలిపి నేర్పుతారు. అది ఈ కాలంలోనే పుట్టిన పద్ధతి. పొట్ట, ప్లీహం మార్గాలు కాళ్ల ముందువైపూ లోపలివైపూ వెళ్తాయి కాబట్టి కాళ్లు ఎడంగా చాపి కూర్చునే ఉపవిష్ట కోణాసనం, మోకాళ్లు మడిచి దిండు ఆసరాతో వెనక్కి వాలే సుప్త వజ్రాసనం. అయితే నాకు శ్వాస పట్టుబడింది యోగా గురువు దేశికాచార్ గారు 1976లో ఇక్కడ పెట్టిన కృష్ణమాచార్య యోగ మందిరం పద్ధతి వల్లే. కదలికకి ముందు శ్వాస మొదలవ్వాలి, ఆసనమే మనిషికి తగ్గట్టు మారాలి. వాన పొద్దుల్లో మార్జాలాసనం ఆ శ్వాసతో మెల్లగా చేసి చూడు, నడుము ఎంత హాయిగా వదులుతుందో. తర్వాత మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్లు కొలిచి, ఎముక బయటివైపు గుంటలో బొటనవేలితో ఓ నిమిషం నొక్కు. అరుగుదలకి చైనావాళ్లు బాగా నమ్మే చోటు అది.

చైనా మూలికల పొడులు మాత్రం తెప్పించుకోకు సుజాతా, నా మాట విను. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడడానికి ఇచ్చిన చైనా మూలికల్లో అరిస్టోలోకిక్ ఆమ్లం ఉండి ఎంతోమంది ఆడవాళ్ల కిడ్నీలు పాడయ్యాయి. తిండి మార్చుకోవడం వేరు, పేరు తెలియని పొడి మింగడం వేరు. ఇక్కడ వానల్లో డెంగీ కూడా వస్తుంది. జ్వరమొస్తే లేహ్యం, కషాయం అని కూర్చోకుండా రక్తపరీక్ష చేయించాల్సిందే.

నీ కుడి మోకాలు ఇప్పుడెలా ఉందో రాయి. ఇంకా నొప్పిగానే ఉంటే సుప్త వజ్రాసనం జోలికి వెళ్లకు. గోడకి కాళ్లు ఆనించి పడుకో, మిగతాది నువ్వొచ్చాక పక్కన ఉండి చేయిస్తాను.

నీ
పద్మ