అది తైలవర్ణ చిత్రం కాదండీ, రంగు పెన్సిల్ బొమ్మ

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ జిల్లా పేజీలో విజయవాడ చిత్రకళా ప్రదర్శన ఫొటోలు వేశారు. వాటిలో ఎడమ వైపు రెండోది, గోనెపట్టా మీద ఎండుమిరపకాయల కుప్ప, నాది. కింద 'ఆకట్టుకున్న తైలవర్ణ చిత్రం' అని రాశారు. ఆకట్టుకుందన్నందుకు సంతోషం. తైలవర్ణం మాత్రం కాదు. దానికి కుంచె తగల్లేదు. మొదటి కాయ నుంచి చివరి ముచ్చిక దాకా రంగు పెన్సిళ్లతోనే వేశాను. మీ విలేకరిని ఏమీ అనకండి. పాపం ఆ అబ్బాయి "ఏ పెయింట్ వాడారు మేడం?" అని అడిగాడు. "పెన్సిలండీ" అన్నాను. వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వేసి వెళ్లిపోయాడు.

అతనొక్కడే కాదు లెండి. ఆ ప్రదర్శనకి దరఖాస్తు ఇచ్చిన రోజు ఫారంలో ఆయిల్, యాక్రిలిక్, వాటర్ కలర్, ఇతరములు అని నాలుగు గడులు ఉన్నాయి. నేను 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి పక్కన 'రంగు పెన్సిల్' అని రాశాను. బల్ల దగ్గర కూర్చున్నాయన అది చూసి, "పిల్లల పోటీలు రేపమ్మా, పాపని రేపు తీసుకురండి" అన్నారు. నాకు 53 ఏళ్లు. గుంటూరు నుంచి బస్సులో, పాత దుప్పటి చుట్టిన ఫ్రేము ఒళ్లో పెట్టుకుని వెళ్లాను. దుప్పటి విప్పి చూపించాక ఆయనే లేచి కుర్చీ వేశారు, అది వేరే సంగతి.

ఈ ఉత్తరం పొడుగవుతుంది, ముందే చెబుతున్నాను. మీకు నచ్చిన చోట కత్తిరించుకోండి.

మా నాన్న మిర్చియార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. సీజన్లో పొద్దున్నే వెళ్తే రాత్రికి గానీ వచ్చేవారు కాదు. చొక్కాకి, జుట్టుకి, చివరికి జేబులో నోట్లకి కూడా ఘాటు అంటుకుని ఉండేది. మేం పిల్లలం వరసగా తుమ్మితే ఇంటికి నాన్న వచ్చినట్టు. సెలవుల్లో ఒకటి రెండుసార్లు నన్ను యార్డుకి తీసుకెళ్లారు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, మూతి విప్పి గుప్పెడు కాయలు తీసి, షెడ్డు లోపల చూసేవారు కాదు, బయటికి వెలుతురులోకి నడిచొచ్చి అరచేతిలో పరిచి చూసేవారు. మిరప రకాల్లో తేజ ఎరుపు వేరు, 334 ఎరుపు వేరు. ముడతలు పడ్డ బ్యాడిగి ఎరుపులో కొంచెం నలుపు తిరిగి ఉంటుంది. రంగు పోయి తెల్లబారిన కాయ తాలు, దాన్ని విడిగా పోసి తక్కువ రేటు కడతారు. "ఎరుపంటే ఒకటి కాదమ్మాయ్" అనేవారు. నేను ఏ కాలేజీలోనూ బొమ్మలు నేర్చుకోలేదు. నాకెవరైనా గురువున్నారంటే ఆ అరచెయ్యే.

సంపాదన మాత్రం రికార్డులతో మొదలైంది. బీఎస్సీ బోటనీ చదివే రోజుల్లో హాస్టళ్లలో ఉండే ఇంటర్ పిల్లలకి రికార్డుల్లో బొమ్మలు వేసిపెట్టేదాన్ని. వానపాము జీర్ణవ్యవస్థ, హైడ్రా, ద్విదళబీజ కాండం అడ్డుకోత. బొమ్మకి 3 రూపాయలు, రంగులు వేస్తే 5. అప్పట్లో ఎన్ని వానపాములు వేశానో లెక్కలేదు. తప్పే, ఏ లెక్చరర్ గారైనా ఇది చదివితే మన్నించాలి. కానీ పెన్సిల్ మొన ఎంత సన్నగా ఉంటే గీత అంత మాట వింటుందని, వేలు ఎంత నొక్కితే రంగు ఎంత దిగుతుందని ఆ వానపాములే నేర్పాయి. పెళ్లయ్యాక పదిహేనేళ్లు పెన్సిల్ పట్టుకోలేదు. మా అబ్బాయి స్కూలు పెట్టెలో మిగిలిన ముక్కలతో మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడదే నా వృత్తి. బ్రాడీపేటలో మేం అద్దెకుండే పోర్షన్‌లో తూర్పు కిటికీ దగ్గరి బల్లే నా ఆఫీసు.

పని వేళలు పొద్దున ఆరు నుంచి పది దాకా, అంతే. తర్వాత ఎండ గోడ మీద పడి కాగితమంతా పచ్చగా కనిపిస్తుంది. రాత్రి బల్బు కింద లేత పసుపు వేస్తే తెల్ల కాగితంలో కలిసిపోతుంది, ఎక్కడ వేశానో నాకే తెలీదు. ఆ నాలుగు గంటల్లో అగ్గిపెట్టెంత చోటు పూర్తయితే ఆ రోజు బాగా పని జరిగినట్టు. మీరు ఫొటో వేసిన బొమ్మ సంక్రాంతి వెళ్లాక మొదలుపెట్టి ఉగాది ముందు రోజు ముగించాను.

ఎరుపు పెన్సిల్ తీసుకుని మిరపకాయ వేస్తే అది ప్లాస్టిక్ కాయలా ఉంటుంది. ముందు కాయంతా లేత పసుపు, దాని మీద నారింజ, ఆ పైన రెండు రకాల ఎరుపు. నీడ పడే చోట నలుపు వాడను. నలుపు వాడితే బొగ్గు పూసినట్టవుతుంది. ముదురు ఆకుపచ్చ వేస్తాను. ఎరుపు మీద ఆకుపచ్చ పడితే ఎండిన కాయ మడతల్లో ఉండే ఆ గోధుమ నలుపు దానంతటదే వస్తుంది. ఒక్కో కాయకి పది పన్నెండు పొరలు. అన్నీ గాలి ఊదినంత తేలిగ్గా వేయాలి. కాగితానికి సన్నటి గరుకు ఉంటుంది, రంగు నిలిచేది ఆ గరుకులోనే. మొదట్లోనే ఆత్రపడి గట్టిగా రుద్దితే అది పూడిపోయి కాగితం నోరు మూసుకుంటుంది, ఆ పైన ఏ రంగు పెట్టినా జారిపోతుంది. కాయ మీద మెరుపుకి తెల్ల పెన్సిల్ పనికిరాదు. ముదురు రంగు మీద తెలుపు మసకగా తేలుతుంది తప్ప మెరవదు. ఎక్కడ మెరుపు కావాలో మొదటి రోజే అనుకుని అక్కడ కాగితాన్ని వదిలేయాలి, రెండు నెలల పాటు చెయ్యి అటు పోకుండా చూసుకోవాలి.

ముసలివాళ్ల నెరిసిన జుట్టుకైతే ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో ముందుగా కాగితం మీద గీతలు నొక్కేస్తాను. దాని మీద రంగు వేస్తే గాడిలోకి పెన్సిల్ దిగదు, తెల్ల వెంట్రుక మిగిలిపోతుంది. ఖాళీ పెన్నులు పారేయకుండా మా వీధిలో అందరూ నాకే ఇస్తారు.

పెన్సిళ్ల గురించి కూడా చెప్పాలి. రంగు పొడి, బంకమట్టి, దాన్ని పట్టి ఉంచడానికి మైనమో నూనెనో. మైనం పెన్సిల్ మెత్తగా సాగుతుంది, కానీ దట్టంగా వేస్తే కొన్నాళ్లకి ఆ మైనం పైకి తేలి, ద్రాక్షపండు మీద బూజులా తెల్లగా పొర కడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది. మా గుంటూరు మే నెలలో అవి మరీ మెత్తబడి అలుక్కుపోతాయి, అందుకని వేసవిలో నూనెతో చేసినవే వాడతాను. జర్మనీలో ఫేబర్ కాస్టెల్ వాళ్లు పాలిక్రోమోస్ అని 1908లో 60 రంగులతో మొదలుపెట్టారు, ఇప్పుడవి 120. అవి నూనె రకమే. ఆ లెక్కన మీ విలేకరి 'తైలవర్ణం' అని సగం నిజమే రాశాడేమో! ఆ పెన్సిల్ ఒక్కటి కొనే డబ్బుతో పిల్లల పెట్టెలు రెండు మూడు వస్తాయి. చేతిలో పట్టు దొరకనంత పొట్టిదయ్యాక గొట్టం తగిలించి మరీ వాడతాను. కింద పడితే ప్రాణం పోతుంది. పైకి బాగానే ఉంటుంది, లోపల ముల్లు మూడు ముక్కలై చెక్కిన ప్రతిసారీ ఊడి వస్తుంది.

మిరపకాయల బొమ్మ వేస్తుండగా ఒకటి జరిగింది. కిటికీ పక్కన ప్లేటులో పెట్టుకున్న కాయలు నెల తిరిగేసరికి రంగు దిగాయి. బొమ్మలో కాయలు అలాగే ఉన్నాయి, ప్లేటులోవి పాలిపోయాయి. వెలుతురు, వేడి, గాలి తగిలితే మిరపలో ఎరుపు విరిగిపోతుంది. యార్డు చుట్టూ అన్ని కోల్డ్ స్టోరేజీలు ఉన్నది అందుకు కూడా. డబ్బాలో మూతపెట్టి దాచిన కాయలు తెచ్చి మళ్లీ పరుచుకున్నాను. పెన్సిల్ రంగులకీ ఇదే జబ్బు. అందుకే కొత్త పెన్సిల్ ఏది కొన్నా ఒక పట్టీ మీద రుద్ది, సగం నల్ల కాగితంతో మూసి, ఎండాకాలమంతా కిటికీ అద్దానికి అతికిస్తాను. గులాబీ, వంగపండు రంగుల్లో కొన్ని ఒక్క వేసవికే సగమయ్యాయి. వాటికి నేను పెట్టుకున్న పేరు తాలు పెన్సిళ్లు. డబ్బు తీసుకుని వేసే బొమ్మల్లో వాటిని ముట్టుకోను. ఇది నా ఒక్కదాని చాదస్తం కాదు. రంగు పెన్సిళ్లు వెలుతురుకి ఎంత నిలుస్తాయో చూడ్డానికి ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ వాళ్లది డీ6901 అని ప్రమాణమే ఉంది. అమెరికాలో 1990లో, బ్రిటన్‌లో 2001లో రంగు పెన్సిల్ చిత్రకారులకని ప్రత్యేకంగా సంఘాలు వచ్చాయి. మనకి ఇంకా 'ఇతరములు'.

ఆ గడి గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, రేటు అక్కడే తెగుతుంది. ఈ మధ్య ఒకాయన వాళ్లమ్మగారి బొమ్మ వేయమని వచ్చారు. ఆవిడ పోయి ఏడాదయింది, సంవత్సరీకానికి కావాలి. ఉన్నదల్లా ఏదో పెళ్లిలో సెల్‌ఫోనుతో తీసిన మసక ఫొటో, అందులో ఆవిడ పక్కకి చూస్తూ ఎవరినో కసురుకుంటున్నారు. "నవ్వుతున్నట్టు వేయండమ్మా" అన్నారు. వేశాను, 70 గంటలు పట్టింది. ముక్కుపుడక దగ్గరే రెండు రోజులు. బొమ్మ చూసి ఆయన చాలాసేపు మాట్లాడలేదు, తువ్వాలు కళ్లకద్దుకున్నారు. తర్వాత డబ్బు లెక్కపెడుతూ, "పెన్సిలే కదమ్మా, కొంచెం చూసుకోండి" అన్నారు. చూసుకున్నాను, తగ్గించాను. ఇప్పటికీ ఆ తగ్గించినందుకే నా మీద నాకు కోపం, ఆయన మీద లేదు. అదే నూనె రంగులని చెప్పి ఉంటే అడిగుండేవారు కాదు.

పని సాగని రోజుల్లో అమరావతి బస్సెక్కుతాను. మ్యూజియంలో అక్కడి పాత బౌద్ధ స్తూపం శిల్పాల పాలిపోయిన సున్నపురాయిని చూస్తూ కూర్చుంటాను. బూడిద రంగు పెన్సిల్‌తో ఆ రాయి రాదు. నీలం, కాస్త ఆకుపచ్చ, కాస్త గోధుమ కలిస్తేనే వస్తుంది. కంపెనీ వాళ్ల సర్వే అధికారి మెకంజీ దొర 1798లో ఒకసారి అక్కడికి వచ్చి, 1816లో మళ్లీ మనుషుల్ని పెట్టి శిల్పాలకి ఓపిగ్గా బొమ్మలు గీయించాడు. ఆ పలకల్లో కొన్ని సున్నం బట్టీల పాలయ్యాయి, కొన్ని ఎటు పోయాయో తెలీదు, వాటికి మిగిలిందల్లా ఆ గీసిన కాగితాలే. ఆ రాళ్ల ముందు ఎండలో కూర్చుని గీసిన వాళ్లే నాకు గుర్తొస్తారు. వాళ్ల చేతికీ నా చేతికి పట్టినట్టే చెమట పట్టి ఉంటుంది, కాగితం పాడవకుండా అరచేతి కింద వాళ్లేం పెట్టుకునేవారో! నేనైతే పాత కాటన్ రుమాలు పెట్టుకుంటాను. ఇటు తుమ్మపూడిలో, పల్లెటూళ్లో కూర్చుని రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ గారు పాస్టెల్స్‌తో ప్రకృతిని గీశారు. ఆయన చేతిలో ఉన్నవీ పొడి రంగులే కదా అని ధైర్యం తెచ్చుకుంటాను.

ఇక అసలు విన్నపం. మీ పత్రికలో పిల్లల చిత్రలేఖనం పోటీల ప్రకటనలు వస్తుంటాయి. పదేళ్ల లోపు పిల్లలకి క్రేయాన్స్, రంగు పెన్సిళ్లు, ఆ పైవాళ్లకి వాటర్ కలర్స్ అని విభజన. మా పై వాటాలో ఆరో తరగతి పాప ఒకతె ఉంది, రోజూ సాయంత్రం నా పక్కన కూర్చుని పిట్టలు వేస్తుంది. గోరింక కంటి చుట్టూ ఉండే పసుపు మచ్చని నాకంటే బాగా వేస్తుంది. మొన్న పెట్టె మూసేసి, "ఆంటీ, నేను పెద్ద గ్రూపులోకి వచ్చేశాను, పెన్సిల్ వద్దంట" అంది. వాటర్ కలర్ నేర్చుకోవద్దని నేననను, అదీ గొప్పదే, నాకు చేతకాదు. కానీ పెన్సిల్ అంటే పదేళ్లు నిండగానే విడిచేసే పాలసీసా అన్నట్టు ఆ పిల్లకి నేర్పింది ఆ ప్రకటనే. పోటీలు పెట్టేవాళ్లకి చెప్పి పెద్ద గ్రూపులోనూ రంగు పెన్సిల్‌కి ఒక గడి పెట్టించండి. అలాగే ప్రదర్శనల వార్తల్లో బొమ్మ దేనితో వేశారో అడిగి రాయమని మీ విలేకరులకి చెప్పండి. వేసినవాళ్లు చెప్పింది నమ్మమని కూడా.

సవరణ చిన్న అక్షరాల్లో వేసినా చాలు. 'రంగు పెన్సిల్' అనే వేయండి. దయచేసి 'వర్ణలేఖిని' లాంటి పేరు పెట్టకండి, దరఖాస్తు ఫారం దగ్గర ఇంకో అరగంట పడుతుంది నాకు.

ఫొటో మళ్లీ వేయక్కర్లేదు. ఒకవేళ వేస్తే మాత్రం రంగు కాస్త చూసుకోండి. మీ అచ్చులో నా తేజ కాయలన్నీ నారింజ రంగులో పడ్డాయి. మా నాన్న ఉండి ఉంటే ఆ పేజీ వెలుతురులో పట్టుకుని చూసి, తాలు కింద విడిగా పోయించేవారు.

ఇట్లు,
రంగు పెన్సిల్ బొమ్మలు వేసుకునే మీ పాఠకురాలు,
బ్రాడీపేట, గుంటూరు.