నీ ట్యూబు వెనకవైపు ఏముందో చదివావా?

ఒరేయ్ శీనూ,

జవాబు రాయడం బాగా ఆలస్యమైంది, ఏమనుకోకు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చిన్నది ఏడవకుండా బడికి వెళ్తోంది, మేడ మీద గది ఇంకా సున్నం దాకా రాలేదు. విశేషాలు ఇంతే, మిగతావి నీ పెళ్లిలో మాట్లాడుకుందాం. ఇప్పుడు అసలు సంగతికి, నువ్వు మొటిమలకి రాస్తున్న ఆ క్రీము సంగతికి వస్తా. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావు, అందుకే రాస్తున్నా. మూడో బెంచి ఒట్టు, చివరిదాకా చదవాలి.

నువ్వు పంపిన ఆ క్రీము ఫోటో పెద్దది చేసి చూశాను. ముందువైపు మెరిసే అక్షరాలు సరే, వెనకాల చిన్న అక్షరాల్లో ఉన్నది ఇదీ: హైడ్రోక్వినోన్ 2 శాతం, ట్రెటినాయిన్ 0.025 శాతం, మొమెటసోన్ ఫ్యూరోయేట్ 0.1 శాతం. ఆ చివరిది స్టెరాయిడ్, అంటే వాపు అణిచే మందు. శీనూ, అది ముఖం తెల్లబడే క్రీము కాదురా, మందు. మంగు మచ్చలకి స్కిన్ డాక్టరు చూసి, రాత్రిపూట మాత్రమే, కొద్ది వారాలకని లెక్కపెట్టి రాసే మందు. ఇలాంటి మూడు మందుల క్రీముకి సాధారణంగా 8 వారాలు గడువంటారు. నువ్వు ఆరేడు నెలలుగా, అదీ పొద్దున్నా రాత్రీ, మొటిమల మీద రాస్తున్నానని ఎంత తేలిగ్గా రాశావు! సెలూన్లో అతను చెప్పాడు, మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారు, అంతేగా? 2018లోనే ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చారు. ఆ జాబితాలోవి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. డబ్బా ఎడమపక్క నిలువుగా ఎర్రగీత ఉందేమో చూడు. ఆ గీత ఉన్నది ఏదైనా సొంతంగా కొని ముఖానికి పట్టించేది కాదు.

స్టెరాయిడ్ అవునో కాదో పట్టుకోవడానికి నీకో కొండగుర్తు. పేరు చివర "సోన్", "సాల్", "లోన్" ఉన్నాయేమో చూడు. బెటామెథసోన్, మొమెటసోన్, క్లొబెటసాల్, ఫ్లూసినోలోన్, ఇవన్నీ ఆ కుటుంబమే. అన్నిటి బలమూ ఒకటి కాదు. హైడ్రోకార్టిసోన్ 1 శాతం చాలా మెతక, క్లొబెటసాల్ 0.05 శాతం అన్నిటికంటే గట్టిది. శాతం అంకె చూసి బలం అంచనా వేయకు, అక్కడే అందరూ పొరబడేది. తామరకని అమ్మే నాలుగైదు మందుల కలగలుపు ట్యూబుల్లో కూడా తరచు క్లొబెటసాలే దాక్కుని ఉంటుంది. రాసిన రెండ్రోజులకి దురద పోతుంది, ఫంగస్ మాత్రం చర్మం పైపొరలో హాయిగా పాకుతూ పోతుంది.

"మొదటి నెల ముఖం నిగనిగలాడింది, ఇప్పుడేంట్రా ఇలా" అని అడిగావు కదా. స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాల్ని ముడిచేస్తుంది. దాంతో ముఖం పాలిపోయి తెల్లబడ్డట్టు కనబడుతుంది. వాపు అణుగుతుంది కాబట్టి మొటిమ కూడా రెండు రోజుల్లో చదునవుతుంది. పైగా దాన్లో హైడ్రోక్వినోన్ కూడా ఉంది, అది రంగు తయారీని తగ్గిస్తుంది. ఇదంతా చూసి మందు పనిచేస్తోందనుకుంటాం. ఈలోగా లోపల చర్మానికి బలమిచ్చే కొలాజెన్ తయారీ మందగించి చర్మం పలచబడుతుంది, దాని రక్షణ పొర దెబ్బతింటుంది. 1967లోనే కొలిచి చూశారు, హైడ్రోకార్టిసోన్ ముంజేతి చర్మంలోంచి ఒక పాలు లోపలికి పోతే నుదుటి దగ్గర 6 పాళ్లు, దవడ దగ్గర 13 పాళ్లు పోతుంది. చేతి మీద ఏమీ చేయని మందు దవడ మీద ఎందుకు ఇంత చేసిందో తెలిసిందా?

నీ రెండో ఫోటోలో, కిటికీ వెలుగులో తీసుకున్నది, బుగ్గల మీద దారాల్లాంటి ఎర్రటి గీతలు కనిపిస్తున్నాయి. పైకి తేలిన రక్తనాళాలవి. చెంప పక్కన నూగు కూడా పెరిగింది. దవడ మీద పొక్కులన్నీ ఒకే సైజు, ఒకే దశ. మామూలు మొటిమల్లో ఒకటి నల్లచుక్క, ఒకటి చీము, ఒకటి గడ్డ, ఇలా రకరకాలుగా ఉంటాయి. అన్నీ ఒకే అచ్చులో ఉంటే స్టెరాయిడ్ వల్ల వచ్చినవని అనుమానించాలి. దానికి తోడు, ఎండకి చర్మాన్ని సున్నితం చేసే ఆ ట్రెటినాయిన్ రాసుకుని బెజవాడ ఎండలో బండి మీద తిరుగుడు ఒకటి. మంట పుట్టక ఏమవుతుంది?

ఇప్పుడు ముఖ్యమైన ముక్క. ఈ ఉత్తరం చదివిన ఆవేశంలో ట్యూబు చెత్తబుట్టలో పడేయకు. నీ సంగతి నాకు తెలుసు, "రెండు ఇడ్లీల లెక్క" నాటి నుంచీ నీది అదే పద్ధతి! వారం పది రోజులు వాడినవాళ్లయితే ఆపేస్తే సరిపోతుంది. నెలల తరబడి ముఖానికి రాసింది ఒక్కసారిగా మానేస్తే, ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారి విచ్చుకుంటాయి. ముఖం కందిపోయి, మంటెత్తి, పొక్కులు విరుచుకుపడతాయి. కొన్ని రోజుల్లోనే మొదలవుతుంది. అప్పుడు భయపడి మళ్లీ అదే క్రీము రాస్తారు, చల్లబడుతుంది, "ఇది లేకపోతే నా ముఖం బాగుండదు" అని ఖాయం చేసుకుంటారు. జనం ఏళ్లకేళ్లు దీంట్లో చిక్కుకుపోయేది ఇలాగే.

అందుకని ఈ వారంలోనే స్కిన్ డాక్టరు దగ్గరికి వెళ్లు. ఎండీ డీవీఎల్ అని బోర్డు మీద ఉంటుంది, అది చూసుకుని వెళ్లు. కొందరికి తక్కువ బలం స్టెరాయిడ్‌కి మార్చి, రోజు విడిచి రోజు, తర్వాత వారానికి రెండుసార్లు అని తగ్గిస్తూ ఆపుతారు. కొందరికి టాక్రోలిమస్ ఆయింట్‌మెంటు ఇస్తారు, అది స్టెరాయిడ్ కాదు. మొదటి కొద్దిరోజులు చురుక్కుమంటుంది, అది మామూలే. పొక్కులు ఎక్కువుంటే లోపలికి మాత్రలు కూడా ఇవ్వచ్చు. ఏది నీకు సరిపడుతుందో ఆయన చేత్తో ముట్టుకుని చూసి చెప్పాలి, నేను ఫోటో చూసి చెప్పకూడదు.

అప్పటిదాకా, ఆ తర్వాత కొన్ని వారాలు కూడా, ఆ ట్యూబు సంగతి డాక్టరుకి వదిలేసి, అది కాక ముఖానికి మూడే మూడు వస్తువులు. నురగ తక్కువ వచ్చే, వాసన లేని ఫేస్‌వాష్. సబ్బు వద్దు, సబ్బు పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె) 9, 10 ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. రెండోది గ్లిజరిన్, సెరమైడ్లు (చర్మం పైపొరలో ఉండే కొవ్వులు) ఉన్న సాదా మాయిశ్చరైజర్, ముఖం ఇంకా కాస్త తడిగా ఉన్నప్పుడే. మూడోది సన్‌స్క్రీన్, ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన. జింక్ ఆక్సైడ్ ఉన్నదైతే మండే చర్మానికి నయం, కాస్త తెల్లగా కనపడుతుంది, ఫరవాలేదు. చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండుకో, ముఖానికీ మెడకీ అంత కావాలి. నువ్వు రాసేది నాలుగో వంతు కూడా ఉండదని నాకు తెలుసు. బయట తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ. మంటెత్తినప్పుడు చన్నీళ్లలో ముంచి పిండిన మెత్తటి గుడ్డ ఓ 10 నిమిషాలు వేసుకో, ఐసుముక్క నేరుగా రుద్దకు. గడ్డానికి బ్లేడు మాని ట్రిమ్మరు వాడు. సెలూన్లో పటిక రుద్దడం, ఆఫ్టర్ షేవు చల్లడం రెండూ బంద్. నిమ్మరసం, వంటసోడా, టూత్‌పేస్టు ఎవరు చెప్పినా వద్దు. నిమ్మరసం పీహెచ్ 2 దగ్గర ఉంటుంది, రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడచ్చు. నుదుటి మీద పొక్కులకి నీ తలనూనె కూడా ఓ కారణం కావచ్చు, పాపిట దాటి కిందికి కారనీయకు.

ఇక కొత్త క్రీములు ఎలా పరీక్షించాలని అడిగావు. నీ లిస్టు చూశాను, ఏడు రకాలు! ఏడూ ఒకేసారి మొదలెడితే దేనికి మంట వచ్చిందో దేవుడికి కూడా తెలియదు. ఒక్కొక్కటే. ముందు మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర, రోజుకు రెండుసార్లు, ఒకే చోట, వారం నుంచి 10 రోజులు రాయి. ఒక్కసారి రాసి మర్నాడు చూసి బాగుందనుకుంటారు అందరూ, అలర్జీ తరచు ఆలస్యంగానే బయటపడుతుంది. కడిగేసే ఫేస్‌వాష్ లాంటిదైతే, దాన్ని ముఖం మీద ఎంతసేపు ఉంచుతావో అంతసేపే ఉంచి కడుగు. దద్దురు, దురద, వాపు వస్తే ఆ వస్తువు నీకు కాదు. రెటినాయిడ్లకి (ట్రెటినాయిన్, అడాపలీన్ లాంటివి), యాసిడ్లకి మాత్రం కాస్త ఎరుపు, పొట్టు రావడం అలర్జీ కాకపోవచ్చు. చేతి మీద నెగ్గాక దవడ పక్కన నాలుగు రోజులు, తర్వాత ముఖమంతా. ఇంకొకటి మొదలెట్టే ముందు కనీసం రెండు వారాలు ఆగు. ట్యూబు మీద తెరిచిన తేదీ పెన్నుతో రాసుకో. మూత తీసిన డబ్బా బొమ్మలో 6ఎం, 12ఎం అని ఉంటే తెరిచాక అన్ని నెలలే వాడాలని.

అసలు ఏ మచ్చకి ఏది? ఒక గాజుగ్లాసు తీసుకుని మచ్చ మీద మెల్లిగా నొక్కి, గాజులోంచి చూడు. ఎరుపు మాయమైపోతే అది రక్తనాళాల ఎరుపు, కాలం గడిస్తే తగ్గుతుంది, తెల్లబరిచే క్రీములతో పని లేదు. గోధుమరంగు అలాగే నిలబడితే రంగు పేరుకున్న మచ్చ. అప్పుడు అజిలాయిక్ యాసిడ్ 10 నుంచి 20 శాతం, లేదా నయాసినమైడ్ 4, 5 శాతం పనికొస్తాయి. నయాసినమైడ్ ఎక్కువ శాతం ఉంటే ఎక్కువ మంచిదనుకోకు, కొందరికి మంటే మిగులుతుంది.

మొటిమలకి అడాపలీన్ 0.1 శాతం జెల్ మంచిదే, కానీ ఇప్పుడు కాదు, ముఖం కుదుటపడి డాక్టరు సరేనన్నాక. ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, అంటే ఓ 20 నిమిషాలాగి, మొత్తం ముఖానికి కలిపి బఠాణీ గింజంత. మొటిమ మీద చుక్క పెట్టే మందు కాదది. మూడు రోజులకోసారి మొదలెట్టి, తట్టుకుంటే రోజు విడిచి రోజు. ముక్కు మడతలు, పెదాల మూలలు, కళ్ల దగ్గర వద్దు. మొదటి నెల పొట్టు రాలుతుంది, ఒక్కోసారి మొటిమలు పెరిగినట్టు కూడా కనబడతాయి. అక్కడే చాలామంది మానేస్తారు. 8 నుంచి 12 వారాలయ్యాకే తీర్పు చెప్పాలి. మొటిమలకే పైన రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ కొంటే 2.5 శాతం చాలు, 10 శాతం దాదాపు అంతే పనిచేసి మంట ఎక్కువ పెడుతుంది. ఒకటి గుర్తుంచుకో, అది బట్టల రంగు తినేస్తుంది. తెల్ల తువ్వాలు, తెల్ల దిండుగలీబు వాడు, పెళ్లిబట్టల దగ్గరికి రానీయకు!

పెళ్లికి మూడు నెలలుంది కాబట్టి తొందరపడుతున్నావని తెలుసు. మచ్చలన్నీ అప్పటికి పోకపోవచ్చురా. మంట, ఎరుపు తగ్గితే అదే చాలా. ఫేషియళ్లు, బ్లీచులు ఈ మూడు నెలలూ వద్దు. నలుగు పెట్టేటప్పుడు మీ పెద్దమ్మకి ముందే చెప్పు, సెనగపిండితో ఒంటికి ఎంత రుద్దినా సరే, ముఖానికి మాత్రం పసుపు బొట్టంత తాకించి వదిలేయమని. పలచబడిన చర్మం ఆ రాపిడికి ఆగదు.

మీ చెల్లి వాడే ఆ పేరూ ఊరూ లేని డబ్బా క్రీము గురించి కూడా అడిగావు. లేబుల్ మీద తయారుచేసినవాళ్ల చిరునామా, బ్యాచ్ నంబరు, పదార్థాల జాబితా లేకపోతే వెంటనే ఆపించు. అలాంటివాటిలో పాదరసం కలిపి ఉండచ్చు. కేరళలో మలప్పురం వైపు ఇలాంటి తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకి మూత్రపిండాల జబ్బు వచ్చినట్టు 2023లో అక్కడి డాక్టర్లు బయటపెట్టారు. మెర్క్యురీ, కాలోమెల్ అని ఎక్కడ కనిపించినా అదే. కాళ్ల వాపులు, మూత్రంలో నురగ ఉన్నాయేమో అడుగు, ఉంటే ఆలస్యం చేయద్దు.

అరే, ఎనిమిదిన్నర అయిపోయింది, కిందనుంచి పిలుస్తున్నారు. డాక్టరు దగ్గరికి ట్యూబు, డబ్బా రెండూ పట్టుకెళ్లు, ఎప్పట్నుంచి, రోజుకెన్నిసార్లు రాశావో దాచకుండా చెప్పు, ఆయన తిట్టినా సరే. చుండ్రు సంగతి మర్చిపోయా, కీటోకోనజోల్ 2 శాతం షాంపూ, వారానికి రెండుసార్లు, నురగ మాడుకి పట్టించి ఓ 5 నిమిషాలుంచి కడుగు, నాలుగు వారాల దాకా. వెంట్రుకలకి కాదు, మాడుకి. తర్వాత ఎలా తగ్గించాలో రేపు రాస్తా, పిలిచినవాళ్లు గేటు దగ్గరికి వచ్చేశారు

నీ
బాబ్జీ