రిమోటు జోలికి మాత్రం రావద్దు

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ‘మనిషిని సోమరిని చేసిన వస్తువులు’ అంటూ పెద్ద జాబితా వేసి, అందులో మొదటి స్థానం టీవీ రిమోటుకు ఇచ్చావు. మిగతావాటిలో కొన్నింటికి ఒప్పుకుంటాను, కొన్నింటికి పోట్లాడతాను. కానీ రిమోటును తిడితే ఊరుకోలేను. అందుకే ఈ రోజు పనులన్నీ పక్కన పెట్టి కాగితాలు ముందు వేసుకున్నాను. ఉత్తరం పొడుగే అవుతుంది, తీరిక చూసుకుని చదువు.

రిమోటు పుట్టింది బద్ధకంలోంచి కాదురా, ప్రకటనల మీద విసుగులోంచి. అమెరికాలో జెనిత్ అనే టీవీల కంపెనీకి అధిపతిగా ఉన్న యూజీన్ మెక్‌డొనాల్డ్‌కు కార్యక్రమం మధ్యలో దూరే ప్రకటనలంటే అస్సలు గిట్టేది కాదు. కూర్చున్న చోటి నుంచే వాటి నోరు మూయించే సాధనం కావాలని ఆయన పట్టు. 1950లో ఆ కంపెనీ మొదట తెచ్చిన రిమోటుకు టీవీ దాకా పొడవాటి వైరు ఉండేది, నడిచేవాళ్ల కాళ్లకు అది అడ్డం పడేది. 1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు వైరు తీసేసి, టార్చిలైటు లాంటి దాన్ని చేశాడు. తెర నాలుగు మూలల్లో కాంతిని పసిగట్టే చిన్న పరికరాలు ఉండేవి. ఒక మూలకు వెలుగు తగిలిస్తే శబ్దం ఆగిపోతుంది, మరో మూలకు తగిలిస్తే ఛానెల్ మారుతుంది. చిక్కల్లా ఏమిటంటే కిటికీలోంచి ఎండ పడినా టీవీ అలాగే స్పందించేది.

ఆ తర్వాతి ఏడాది రాబర్ట్ ఆడ్లర్ చేసినదాన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఆనందం ఆగదు. దానిలో బ్యాటరీయే లేదు! బటన్ నొక్కితే లోపల చిన్న సుత్తి ఒక అల్యూమినియం కడ్డీని కొడుతుంది. ఆ కడ్డీ పలికే నాదం మన చెవికి అందనంత పైస్థాయిలో ఉంటుంది, టీవీకి మాత్రం వినిపిస్తుంది. నాలుగు కడ్డీలు, నాలుగు నాదాలు, నాలుగు ఆజ్ఞలు. అంటే అది ఒక రకంగా సంగీత వాద్యమే. వినేవాడు మాత్రం టీవీ ఒక్కడే. ఆ నాలుగు ఆజ్ఞల్లో ఒకటి అచ్చంగా శబ్దాన్ని ఆపడానికే కేటాయించారు. ఇప్పుడు చెప్పు, ఇది సోమరితనం కోసం చేసిన వస్తువేనా? అంతవరకు తెర ఏది చూపిస్తే అది చూడటమే ప్రేక్షకుడి పని. ‘చాలు’ అనే మాటను మొదటిసారి అతని చేతికి ఇచ్చింది రిమోటు. దాన్ని నేను హక్కు అంటాను, నువ్వు బద్ధకం అంటున్నావు.

నీ జాబితాలోని అలారం గడియారం ‘ఇంకాసేపు’ బటన్‌ను మాత్రం నీకే వదిలేస్తున్నాను. తొమ్మిది నిమిషాల నిద్ర ఎవరికీ చాలదు, మెలకువను కూడా చెడగొడుతుంది. దాని తరఫున నేను వాదించను.

స్టికీ నోట్లను, అదే, రాసి అంటించి మళ్లీ తీసేసుకునే ఆ చిన్న కాగితాలను కూడా ఆ జాబితాలో ఎలా చేర్చావో నాకు అర్థం కాలేదు. ‘గుర్తుపెట్టుకోవడం మానేశాం’ అని రాశావు. నాకు మాత్రం మనిషి చేసిన వస్తువుల్లో ఇంత మర్యాదస్తురాలు ఇంకొకటి కనిపించదు. దాని కథ నీకు చెప్పి తీరాలి. 1968లో అమెరికాలోని 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ అనే రసాయన శాస్త్రవేత్త గట్టి జిగురు కోసం ప్రయత్నిస్తుంటే బలహీనమైన జిగురు తయారైంది. అంటుకుంటుంది, కానీ లాగితే ఊడొస్తుంది. అది కంటికి కనిపించనంత చిన్న గోళాల సమూహం. కాగితాన్ని అక్కడక్కడ మాత్రమే తాకుతుంది కాబట్టి పట్టు ఉంటుంది, పీడన ఉండదు. ఎందుకు పనికొస్తుందో తెలియకపోయినా సిల్వర్ దాన్ని పారేయలేదు. కనిపించిన సహోద్యోగికల్లా ఏళ్ల తరబడి దాని గురించి చెబుతూనే ఉన్నాడు. ఆ ఓపికకు నేను చేతులెత్తి మొక్కుతాను. చివరికి 1974లో ఆర్ట్ ఫ్రై అనే మరో ఉద్యోగికి వెలిగింది. ఆయన చర్చి గాయక బృందంలో పాడేవాడు. పాటల పుస్తకంలో గుర్తుకోసం పెట్టుకున్న కాగితం ముక్కలు జారిపోతుంటే, ఈ జిగురు రాస్తే సరి అనుకున్నాడు. పసుపు రంగు ఎందుకు వచ్చిందంటే, పక్క ప్రయోగశాలలో మిగిలిపోయిన కాగితం పసుపుది కావడం వల్ల. దుకాణాల్లో పెడితే మొదట ఎవరూ కొనలేదు. ఉచితంగా పంచిపెట్టాక అందరికీ దాని విలువ తెలిసింది. 1980 నుంచి అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది.

అంటుకోవడం చాలా వస్తువులకు తెలుసు. గుర్తు పడకుండా, కాగితం చింపకుండా వదిలి వెళ్లడం ఎన్నింటికి తెలుసు? నేను పుస్తకాలు ప్రాణంగా చూసుకునేవాణ్ణని నీకు తెలుసు. పేజీ చెవి మడవకుండా, గీత గీయకుండా, నచ్చిన చోటల్లా నా మాట ఒకటి అంటించి, అక్కర్లేనప్పుడు తీసేసుకునే అవకాశం ఇచ్చిన ఆ చిన్న పసుపు కాగితానికి నేను రుణపడి ఉన్నాను. బూట్లకు, సంచులకు ఉండే, నొక్కితే అంటుకుని లాగితే ఊడే పట్టీ వెల్‌క్రో కూడా నాకు ఇందుకే ఇష్టం. 1941లో జార్జ్ డి మెస్ట్రాల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరు కుక్కతో షికారుకెళ్లి వచ్చి, దాని బొచ్చుకు అంటుకున్న ముళ్లకాయలను సూక్ష్మదర్శినిలో పెట్టి చూశాడు కదా, అప్పుడు కనిపించిన కొక్కేలే దానికి ఆధారం. చర్రుమని ఊడే ఆ చప్పుడు నీకు చిరాకట. నాకు మహా ఇష్టం.

వదలడం గురించి ఆలోచించకుండా చేసిన వస్తువులకూ చరిత్రలో కొదవలేదు. తగరపు డబ్బాలో ఆహారం నిల్వ చేసే పద్ధతికి ఇంగ్లండులో 1810లో పేటెంటు ఇచ్చారు. డబ్బా తెరిచే పరికరానికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1858లో! మధ్యలో అంతకాలం ఉలీ సుత్తీ పట్టుకుని ఆ డబ్బాలతో కుస్తీ పట్టారు. మూసేవాడికి తెరిచేవాడి బాధ గుర్తుకు రాలేదు.

ఈ రోజుల్లో నాకు నిజంగా కోపం తెప్పించేదీ అలాంటిదే. ఇంట్లో ధారావాహికలు చూస్తున్నప్పుడు ఒక భాగం పూర్తవగానే తెర మూలన అంకెలు పరుగెత్తి, మనం అడగకుండానే తర్వాతి భాగం మొదలైపోతుంది చూడు, అది. ఒక మంచి కథ ఆగిన చోట నాకు కాస్త నిశ్శబ్దం కావాలి. ఆ పాత్ర అలా ఎందుకు చేసింది అని అనుకోవడానికి, పక్కనున్నవాళ్ల ముఖం చూడటానికి, ఇక నిద్రపోదామా ఇంకోటి చూద్దామా అని తేల్చుకోవడానికి కొద్దిపాటి సమయం. పైగా ఆ సమయంలోనే కదా పనిచేసినవాళ్ల పేర్లు తెర మీద నడిచేది! దీపాలు పట్టినవాళ్లు, దుస్తులు కుట్టినవాళ్లు, శబ్దాలు కూర్చినవాళ్లు. నెలల తరబడి కష్టపడినవాళ్ల పేర్లను తపాలాబిళ్లంత చేసి మూలకు నెట్టేయడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది. నేను పేర్లు పూర్తయ్యేదాకా లేవను. సినిమా హాల్లోనూ అంతే, ఊడ్చేవాళ్లు వచ్చి నిలబడినా సరే.

అదే మొదట్లో వచ్చే పేర్లను, సంగీతాన్ని దాటేసే బటన్ మీద నాకు కోపం లేదు. అది అడుగుతుంది, నేను వద్దంటాను, తప్పుకుంటుంది. మంచి ప్రారంభ సంగీతాన్ని మాత్రం ప్రతి భాగానికీ మళ్లీ వింటాను. కథలోకి అడుగుపెట్టే ముందు మనసు కుదురుకోవడానికి అది కావాలి నాకు.

ఫోనులో కిందికి తోసేకొద్దీ వస్తూనే ఉండే పేజీలదీ ఇదే వరస. ఒకప్పుడు పేజీకి ఒక అడుగు ఉండేది. అక్కడ ఆగి ‘తర్వాతి పేజీ’ అని నొక్కాలి. ఆ అడుగు లేకుండా చేసే పద్ధతిని 2006లో రూపొందించిన ఏజా రాస్కిన్ తర్వాత తానే బహిరంగంగా విచారం వ్యక్తం చేశాడు. ఆ మాట అనగలిగినందుకు ఆయనంటే నాకు గౌరవం. నువ్వు బద్ధకాన్ని వెతకాలనుకుంటే ఇక్కడ వెతుకు. రిమోటు నా చేతికిచ్చిన ‘చాలు’ను ఇవి మళ్లీ లాగేసుకున్నాయి. ధారావాహికలు చూసే యాప్‌లలో చాలావాటిలో తర్వాతి భాగం దానంతటదే మొదలవకుండా ఆపే వీలుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఈ రోజే ఆపు, నా మాట విను.

ఎమోజీలు భాషను చంపేస్తున్నాయన్న నీ దిగులు నాకు లేదు. 1999లో జపాన్‌లో షిగెతాకా కురితా ఒక ఫోను సేవ కోసం గీసిన 176 బొమ్మలను ఎప్పుడైనా చూశావా? ఒక్కోటి నిలువుకు పన్నెండు, అడ్డానికి పన్నెండు చుక్కలు. అంత ఇరుకులో గొడుగు గీశాడు, చంద్రుణ్ణి గీశాడు, పగిలిన గుండెను గీశాడు. న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం 2016లో వాటిని తన సేకరణలో చేర్చుకుందంటే నాకు ఎంత సంతోషం కలిగిందో. నా అభ్యంతరమల్లా ఒక్కటే. నేను మనసు విప్పి అంత పెద్ద సందేశం పంపితే దానికి జవాబుగా ఒక బొటనవేలు రావడం. ఇది నీకే చెబుతున్నానని నీకు అర్థమయ్యే ఉంటుంది. బొమ్మ పెట్టు, దాని పక్కన నాలుగు మాటలు కూడా పెట్టు.

పాటల్లో శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ గురించి మాత్రం మనిద్దరి మాట కొంతవరకు కలుస్తుంది. అయినా దాని పుట్టుక నాకు ముచ్చటగా ఉంటుంది. దాన్ని 1997లో తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకు ముందు చమురు కంపెనీలకు పనిచేసినవాడు. భూమి లోపలికి పంపిన తరంగాలు తిరిగొచ్చే తీరును బట్టి చమురు ఎక్కడుందో లెక్కగట్టేవాడు. ఆ గణితమే గొంతులో స్వరం ఎక్కడ జారిందో పట్టుకోవడానికి పనికొచ్చింది. దాన్ని దాచకుండా, గొంతును లోహంలా మోగించడానికి వాడితే నాకు ఇష్టమే. అది ఒక కొత్త వాద్యం. నాకు బాధ కలిగేది ఎక్కడంటే, బాగా పాడగలిగిన గొంతులో కూడా చిన్న వణుకును, స్వరానికి అందీ అందనట్టుండే ఆ జారుడును తుడిచేసినప్పుడు. నన్ను ఏడిపించేది అదే కదా, దాన్నే తీసేస్తే ఎలా?

టీవీ హాస్య కార్యక్రమాల్లో ముందే రికార్డు చేసిపెట్టిన నవ్వులు నాకు వద్దు. 1950లలో చార్లీ డగ్లస్ అనే శబ్ద ఇంజనీరు టైపు మిషన్ లాంటి మీటలున్న పెట్టె ఒకటి చేసి, మీట నొక్కితే ముసిముసి నవ్వు, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు వచ్చేలా అమర్చాడు. ఎవరికంటా పడకుండా దానికి తాళం కూడా వేసుకునేవాడు. పనితనం గొప్పదే. నవ్వు మాత్రం నాది నాకు ఉండాలి.

శబ్దాల ప్రసక్తి వచ్చింది కాబట్టి నాకు అన్నింటికంటే ప్రియమైన సంగతి చెప్పి ముగిస్తాను. సినిమాలో అడుగుల చప్పుడు, తలుపు కిర్రుమనడం, బట్టల గరగర చాలాభాగం తర్వాత స్టూడియోలో చేత్తో చేసినవే. ఆ కళను యూనివర్సల్ స్టూడియోలో తీర్చిదిద్దిన జాక్ ఫోలీ పేరు మీదే దాన్ని ఫోలీ అంటారు. కొబ్బరి చిప్పలు కొట్టి గుర్రపు డెక్కలు పలికించారు. మొక్కజొన్న పిండి నింపిన సంచిని నొక్కి మంచులో నడక వినిపించారు. కంప్యూటర్లు ఇంత ఎదిగినా ఇప్పటికీ ఎవరో ఒకరు తెర ముందు నిలబడి, తెర మీది మనిషి అడుగుతో అడుగు కలుపుతూ నడుస్తూనే ఉన్నారు. ఈ సంగతి తెలిశాక నేను సినిమాలు చూసే తీరే మారిపోయింది.

ఇక ఒక అరుపు కథ. 1951లో ఒక హాలీవుడ్ సినిమాలో మొసలి పట్టిన మనిషి కోసం రికార్డు చేసిన కేక అది. రెండేళ్ల తర్వాత మరో సినిమాలో, తొడకు బాణం తగిలిన విల్‌హెల్మ్ అనే సైనికుడి నోట దాన్నే పెట్టారు. చాలాకాలం తర్వాత బెన్ బర్ట్ అనే శబ్ద రూపకర్త ఆ పాత టేపును వెతికి పట్టి, ఆ సైనికుడి పేరే దానికి పెట్టి, 1977లో ఒక అంతరిక్ష సాహస చిత్రంలో వాడాడు. అక్కణ్ణుంచి శబ్దాలు కూర్చేవాళ్లు ఒకరికొకరు అభివాదం చేసుకుంటున్నట్టు వందల సినిమాల్లో దాన్ని దాచిపెడుతూ వచ్చారు. ఎవరో ఒకరు ఎత్తు మీది నుంచి పడతారు, లేదా పేలుడుకు ఎగిరిపోతారు, అదే గొంతు, అదే కేక. ఒకసారి దాని నమూనా విని పెట్టుకో, ఆ తర్వాత నీ చెవి దాన్ని వదలదు. ఇకనుంచి పోరాటాలున్న హాలీవుడ్ సినిమా ఏది చూసినా చెవులు రిక్కించి కూర్చో. ముందుగా నువ్వు పట్టుకుంటే సినిమా పేరు, ఏ సన్నివేశమో రాసి పంపు. నేను పట్టుకుంటే నీకు రాస్తాను. పందెం కాయడానికి నేను సిద్ధం.

ప్రేమతో,
నీ మిత్రుడు