36వ పుటలో రొయ్యలు

పెదవాల్తేరు, విశాఖపట్నం
గురువారం మధ్యాహ్నం

ఒరేయ్ సత్తీ,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర అయింది. తిట్టుకో, కానీ చెల్లెమ్మకు వినపడకుండా తిట్టుకో. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిది బీచ్ రోడ్డు గాలికి ఎగిరిపోయింది. రెండోది నా థీసిస్ కాగితాల్లో కలిసిపోయి గైడు గారి బల్ల మీదికి చేరింది. అందులో మన పాత వెటకారాలన్నీ ఉన్నాయి. ఆయన చదివారో లేదో అడిగే ధైర్యం నాకు లేదు.

ఇంటి సంగతులు గబగబా: అమ్మ మోకాలు పరవాలేదు, అద్దె పెరిగింది, చిన్నదాని సంబంధం ఇంకా ఖాయం కాలేదు, నీ గొడుగు నా దగ్గరే ఉంది, ఇవ్వను.

ఇక అసలు కథ. పోయిన బుధవారం గైడు గారికి రెండో అధ్యాయం ఇచ్చాను. లిటరేచర్ రివ్యూ. అంటే మన బీచ్ కోత మీద, అదే, సముద్రం ఇసుకను కోసుకుపోవడం మీద, ఇంతవరకు ఎవరెవరు ఏం తేల్చారో రాయడం అన్నమాట. 62 పుటలు, 140 రిఫరెన్సులు. స్పైరల్ బైండింగు కూడా చేయించానురా, డిగ్రీలో రికార్డులకు చేయించినట్టు. మార్కులు పడతాయనుకున్నాను కాబోలు.

ఆయన మధ్యలో ఎక్కడో తెరిచి, "ఫలానా వారు 1988లో ఇలా అన్నారు, ఫలానా వారు 1995లో ఇలా అన్నారు, ఫలానా వారు..." అని రాగం తీసి చదివారు. "ఇది సమీక్ష కాదయ్యా, హాజరు పట్టీ. అందరూ వచ్చారు, ఒకరితో ఒకరు మాత్రం మాట్లాడుకోలేదు" అన్నారు. సరే, అదీ భరించాను. తర్వాత ఆయన వేలు ఒక రిఫరెన్సు దగ్గర ఆగింది. యాభైల్లో అచ్చయిన పాత వ్యాసం. పేరు రాయను, నీకు అనవసరం, నాకు సిగ్గు.

"ఇది చదివావా?"

"చదివానండీ."

"పుస్తకం అట్ట ఏ రంగు?"

నీలం అన్నాను. ఎందుకు అన్నానో నాకే తెలియదు. సముద్రం గురించిన పుస్తకం కదా, నీలమే అయి ఉంటుందని నోరు అనేసింది. ఆయన ఏమీ మాట్లాడకుండా లేచి, బీరువా తెరిచి, ఒక పుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. గోధుమరంగు అట్ట, వెన్నుకు గుడ్డ పట్టీ. "నీ రిఫరెన్సులో ఈ వ్యాసానికి రాసిన పుట, 36, తియ్యి" అన్నారు.

తీశాను. రొయ్యలు! రొయ్య పిల్లల గురించి ఎవరో బొమ్మలు వేసి మరీ రాశారు. మన వ్యాసం మొదలయ్యేది 63లో. ఎవరో మహానుభావుడు 63ను 36 చేస్తే, నేను భక్తిగా ఎత్తి రాసుకున్నాను. ఆయన కోప్పడలేదురా. కోప్పడితే బాగుండేది. టీ తెప్పించారు.

ఆ సాయంత్రం అప్పుఘర్ దగ్గర కూర్చుని మొక్కజొన్న పొత్తు కొన్నాను, తినబుద్ధి కాలేదు. అబద్ధం, తిన్నాను.

మర్నాడు ఆ వ్యాసం అసలు చదివాను. అది ఇంకో దెబ్బ. ఆ పెద్దాయన రాసింది ఇంతే: కోత జరుగుతూ ఉండవచ్చు, మరికొన్నేళ్లు చూస్తే గానీ చెప్పలేం. నేను రాసింది: "జరుగుతోందని నిరూపించారు." ఆ "ఉండవచ్చు" ఎక్కడ రాలిపోయిందో చూద్దామని శోధగంగలో కూర్చున్నాను. థీసిసులన్నీ పెట్టే చోటు అది. మూడు రాత్రులు కూర్చుంటే ఏడు థీసిసులు దొరికాయి, ఏడింటిలోనూ అదే 36. "ఉండవచ్చు" రెండో దానిలో "ఉంది" అయింది, నాలుగో దానిలో "నిరూపించారు" అయింది. మన వీధిలో సూరమ్మత్త కోడలి కథ పెరిగినట్టే.

ఈ రోగం నా ఒక్కడిదే కాదని తెలిసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాను. అమెరికాలో సిమ్కిన్, రాయ్‌చౌధురి అని ఇద్దరు 2003లో దీని మీదే ఒక వ్యాసం అచ్చువేశారు. భౌతికశాస్త్రంలో పేరున్న వ్యాసం ఒకటి తీసుకున్నారు. దాన్ని 4,300కు పైగా చోట్ల ఉటంకించారట. అందులో 196 చోట్ల వివరాలు తప్పుపడ్డాయి. కానీ వేరు వేరు తప్పులు 45 మాత్రమే, ఒకే తప్పు పుట సంఖ్య 78 సార్లు వచ్చింది! అంటే సొంతంగా తప్పు చేసినవాళ్లు 45 మంది, తక్కినవాళ్లు పక్కవాడి కాగితం చూసి రాసినవాళ్లు. దాన్నిబట్టి మూలం చదివి రాసేవాళ్లు నూటికి సుమారు 20 మందే అని వాళ్ల అంచనా. (ఈ వ్యాసం మాత్రం నేను చదివాను. అట్ట రంగు అడగకు, కంప్యూటర్‌లో చదివాను.)

ఆ స్పైరల్ బైండింగు విప్పేశాను. పూర్ణా మార్కెట్లో చార్టు కాగితాలు కొని గోడకు అంటించాను. వ్యాసానికి ఒక వరస: ఏ బీచ్, ఏ నెలల్లో, దేనితో కొలిచారు, పోర్టు వాళ్లు సముద్రంలోకి ఔటర్ హార్బరు కట్టక ముందా తర్వాతా, చివరికి ఏమన్నారు. చదవందే వరస నింపకూడదని ఒట్టు. ఆదివారం రాత్రి ఆ గోడ చూస్తూ కూర్చున్నాను కదా, ఒళ్లు జలదరించింది. మొదటి ప్రతిలో నేను రెండు పక్షాలుగా విడదీసి కొట్టుకున్నట్టు రాసినవాళ్లు అసలు కొట్టుకోవడమే లేదు! ఒకరు నైరుతి ఋతుపవనాల్లో కొలిచారు, అప్పుడు ఇసుక ఉత్తరానికి పోతుంది. ఇంకొకరు ఈశాన్య గాలుల్లో కొలిచారు, అప్పుడు దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం లెక్క తీస్తే ఉత్తరానిదే పైచేయి. తగాదా మనుషుల మధ్య కాదు, నెలల మధ్య. ఇది 62 పుటల్లో ఎక్కడా లేదు, గోడ మీద మాత్రం కళ్లకు కొట్టినట్టు కనిపించింది.

ఇంకో తెలివితక్కువతనం విను. ఇన్నాళ్లూ "విశాఖపట్నం" అని ఒక్క మాటే పెట్టి వెతికాను. పాతవాళ్లకు మన ఊరు వైజాగపటం, వాల్తేరు! నేనుండేది పెదవాల్తేరులో, ఆ మాట తోచలేదు. అవి కూడా కలిపి వెతికితే పదకొండు కొత్తవి వచ్చాయి. వాటి చివర ఉన్న రిఫరెన్సుల జాబితాలు పట్టుకుని ఇంకా పాతవాటికి వెనక్కి, గూగుల్ స్కాలర్‌లో వాటిని ఎవరు వాడుకున్నారో చూస్తూ ముందుకు. ఇప్పుడు ఏది తీసినా తెలిసిన పేర్లే వస్తున్నాయి, కాబట్టి ఆపవచ్చనుకుంటాను. గోడ మీద ఒక నిలువు వరస మాత్రం ఖాళీగా ఉంది. జాలరిపేట వాళ్లను అడిగి రాసినది ఒక్కటీ దొరకలేదు. నా ప్రశ్న అక్కడుందేమో... అది తర్వాత రాస్తాను.

ఎందుకంటే నీకు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ ఏడు థీసిసుల్లో అన్నిటికంటే పాతది ఉందే, 36 మొదటగా పుట్టింది అందులోనే. మొదటి పుట తెరిచాను. పేరు మా గైడు గారిది.

రాత్రి రెండింటికి ఒక్కణ్ణే నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయింది. ఆ పుస్తకం ఆయన బీరువాలో చేతికందే అరలో ఎందుకుందిరా? వెతకలేదు, తడుముకోలేదు, నేరుగా తీశారు. ఆయనకు తెలుసా? తెలిసే నన్ను అడిగారా? లేక తెలియక, నాలాగే ఎప్పుడో... కొత్త ప్రతిలో 63 అని రాసి ఊరుకోనా, ఆ తప్పు ఎలా నడిచిందో కూడా రాయనా? రాస్తే మొదటి పేరు ఎవరిది రాయాలి? నువ్వయితే ఏం చేస్తావు? 

నాలుగింటికి రమ్మన్నారు. మూడున్నర అయింది, చార్టులు చుట్టి సంచిలో పెట్టాలి. ఇంకా