డిసెంబర్ ఎర్లీ ఫలితాలు: డిఫర్ అయిన పిల్లల తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారం. అమెరికాలోని పెద్ద ప్రైవేట్ హైస్కూళ్ల ఎర్లీ ఫలితాల (ముందు గడువుకే యూనివర్సిటీలకు అప్లై చేసినవాళ్ల అడ్మిషన్ ఫలితాల) జాబితాలు గ్రూపులో తిరుగుతున్నాయి. "ఒక్క స్కూలు నుంచే ఇంతమందా!" అనుకునే ముందు ఆ లెక్కలో ఎవరున్నారో చూడండి. కోచ్ ముందే ఎంచుకున్న క్రీడాకారులు, ఆ యూనివర్సిటీలోనే చదివినవాళ్ల పిల్లలు, అక్కడి ప్రొఫెసర్ల పిల్లలు కూడా ఉంటారు. వీళ్లను తీసేశాక మిగిలే సంఖ్యతోనే మనకు పని. స్కాటర్‌గ్రామ్‌లోనూ (స్కూలు పాత విద్యార్థుల మార్కులు, అడ్మిషన్ ఫలితాలు చుక్కలుగా చూపే చార్టులోనూ) ఇదే చిక్కు, తక్కువ జీపీఏతో సీటొచ్చిన చుక్క ఎవరిదో అందులో రాసి ఉండదు.

డిఫర్ అంటే తిరస్కరణ కాదు, నిర్ణయం వాయిదా వేసి, రెగ్యులర్ గడువులో అప్లై చేసినవాళ్లతో కలిపి మళ్లీ చూస్తారు. ముందు ఆ యూనివర్సిటీ అప్లికేషన్ పోర్టల్‌లో ఏం రాశారో చదవండి. ఇంకా ఆసక్తి ఉందని చెప్పడానికి కొన్ని యూనివర్సిటీలు ఫారం ఇస్తాయి, కొన్ని ఉత్తరాలే వద్దంటాయి. ఉత్తరం పంపొచ్చంటే ఒక్కటే, ఒక పేజీ దాటకుండా, అప్లికేషన్ పెట్టాక కొత్తగా జరిగినవి మాత్రమే. పదిమందితో సిఫారసు ఉత్తరాలు పంపిస్తే విసుగే తప్ప లాభం లేదు. మొదటి సెమిస్టర్ మార్కులు స్కూల్ కౌన్సెలర్ పంపాలి.

చికాగో, వాండర్‌బిల్ట్, టఫ్ట్స్ లాంటి యూనివర్సిటీల్లో ఈడీ-2 (ఎర్లీ డెసిషన్, అంటే సీటొస్తే చేరతామని ముందే మాటిచ్చే పద్ధతి, రెండో విడత) గడువు జనవరి మొదట్లోనే. కౌన్సెలర్ సంతకం కావాలి, సెలవుల్లో స్కూల్లో ఎవరూ పలకరు, కాబట్టి ఈ వారమే అడగండి. మొదటి విడతలాగే ఇదీ కట్టుబడాల్సిందే, ముందే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లోని నెట్ ప్రైస్ కాలిక్యులేటర్‌లో (ఆర్థిక సాయం పోగా మనం కట్టాల్సింది అంచనా వేసేది) ఖర్చు చూసుకోండి.

ఈడీలో సీటొచ్చినవాళ్లు, ఎయిడ్ (ఆర్థిక సాయం) సరిపోతుందని తేలగానే మిగతా అప్లికేషన్లు వెనక్కి తీసుకోవాలి.